కాదనే పనిని బయటికిచ్చిన పెద్దమ్మ

ఆసుపత్రుల దుప్పట్లుతికే ఆ లాండ్రీ యజమానురాలు ఊరందరికీ పెద్దమ్మే. బాయిలర్ మొరాయిస్తే స్పానర్ పట్టుకుని తనే దిగుతుంది. సబ్బుపొడి అమ్మేవాడికి బేరంలో చెమటలు పట్టిస్తుంది. అంతటి మనిషికి "కాదు" అనడానికి మాత్రం నోరు పెగలదు. పని అడగడానికి వచ్చినవాడు గుమ్మంలో ముఖం వేలాడేస్తే చాలు, "సరేలే, రేపట్నుంచి రా" అనేస్తుంది. అలా మడతల బల్ల చుట్టూ పక్కింటావిడ తమ్ముడూ, పాలవాడి బావమరిదీ, ఎవరి తాలూకో ఎవరికీ తెలియని ఓ పెద్దాయనా తేలారు. యంత్రాల దగ్గర పెట్టినవాళ్ళు మాత్రం ఆ వేడికి తాళలేక, జీతం చేతికందిన మర్నాడే మాయమయ్యేవాళ్ళు.

చివరికి వ్యవహారం పీకల మీదికొచ్చింది. ఇంకొక్కసారి దుప్పట్లు ఆలస్యమైతే వేరేవాళ్ళను చూసుకుంటామని పెద్దాసుపత్రి వాళ్ళు చెప్పేశారు. ఆ ఒక్కటీ పోతే లాండ్రీకి తాళం వేసుకోవడమే. లెక్కలు చూసే మరిది హడావిడిగా వెళ్ళి, ఉద్యోగులను వెతికిపెట్టే ఏజెన్సీ ఆవిడను తీసుకొచ్చాడు.

ఫీజు మూడు రకాలంది ఆవిడ. వెతకడానికి ముందే కొంత, లేదా నెలనెలా ఇంత, లేదా మనిషి చేరినప్పుడు జీతంలో వాటా.

"చేరితేనే ఇద్దాం వదినా. మనకి నష్టం లేదు," అన్నాడు మరిది.

"చేరి, వారం తిరక్కుండా పారిపోతే?" అంది పెద్దమ్మ.

"ఇంకొకర్ని తెస్తాం. మళ్ళీ ఫీజు ఉంటుంది," ఏజెన్సీ ఆవిడ దాచలేదు.

"బాగుందమ్మా! వాళ్ళు పారిపోయినప్పుడల్లా నీ పంట పండుతుందన్నమాట!"

ఆవిడ నవ్వేసింది. "పోనీ, సగం చేరినప్పుడివ్వండి. మిగతా సగం మూడు నెలలు నిలిస్తేనే ఇవ్వండి. అయితే ఎవర్ని తీసుకోవాలో నేనే చెప్తాను. మీరు గుమ్మంలో ఎవరికీ మాటివ్వకూడదు."

పెద్దమ్మ గతుక్కుమంది. కొడుకు ఖాళీగా ఉన్నాడని కిందటి వారమే ఆడపడుచు వాపోతే, వాణ్ణి యంత్రాల దగ్గర పెట్టుకుంటానని మాటిచ్చేసింది. ఇప్పుడు వాడూ ఆ ఏజెన్సీ గడప తొక్కాల్సిందే. బంధుత్వం చెడుతుందేమోనని భయపడుతూనే సంతకం పెట్టింది.

ఏజెన్సీ ఆవిడ వచ్చినవాళ్ళందర్నీ ఒక పూట యంత్రాలుండే ఆవిరిగదిలో పని చేయించి చూసింది. నిలబడినవాళ్ళను ఉంచింది. ఆడపడుచు కొడుకును వద్దంది. ఆ వారం దుప్పట్ల లారీ చెప్పిన వేళకే బయల్దేరింది. ఆడపడుచుకు ఏం చెప్పాలా అని పెద్దమ్మ మాత్రం మథనపడింది.

ఆ సాయంత్రమే ఆడపడుచు కొడుకు వచ్చాడు.

"కోపం తెచ్చుకోకురా. అది నా చేతుల్లో లేదు," అంది పెద్దమ్మ, వాడి ముఖంలోకి చూడకుండా.

"కోపమేంటత్తయ్యా, బతికించారు! ఆ వేడికి కళ్ళు తిరిగాయి. అమ్మ పంపిస్తుంటే వెళ్ళనని చెప్పలేకపోయాను."

"మరి మీ అమ్మ ఏమంటుందో!"

"అమ్మ కూడా హమ్మయ్య అనుకుంది. మీరు నోరు తెరిచి పనిస్తానన్నాక వద్దంటే బాగోదని పంపిందట."

పెద్దమ్మ కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే మడతల బల్ల వైపు చూసింది. ఇన్నేళ్ళూ తను ఆదుకున్నాననుకున్న వాళ్ళలో ఎంతమంది, పెద్దమ్మ రమ్మంది కదా అన్న మొహమాటానికి వచ్చి చేరారో!