ప్రాక్సీ దాటాక పోయిన పేరు

ఈశ్వరి జాలరిపేటలో పుట్టింది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. సీతమ్మధారలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాక, పడవలవాళ్ల కోసం అక్కడ తయారుచేసిన యాప్ ఆమె చేతికొచ్చింది. వేటకెళ్లే ముందు పడవలో ఎవరెవరు ఎక్కారో, ఎప్పటికి తిరిగొస్తారో అందులో రాస్తారు. ఒడ్డున ఉండే ఆడవాళ్లకి అదే ధైర్యం.

ఆ యాప్‌ని పాత కంప్యూటర్ మీంచి కొత్త కంటైనర్ క్లస్టర్‌లోకి, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపులోకి మార్చిన మర్నాడు పొద్దున్నే తండ్రి వరహాలు ఫోన్ చేశాడు.

“పాస్‌వర్డ్ కొడితే తీసుకుంటంది గానీ, నానెవరో తెల్దంటందమ్మా. ఏటి సేసినారు దీన్ని?”

ఒక్క వరహాలుకే కాదు, అందరికీ అదే గతి. ఆఫీసులో ఆమె పై అధికారి మోహనకృష్ణ కంగారుపడ్డాడు. ఈ పూటకి పాస్‌వర్డ్ ఊసెత్తకుండా, ఎవరు ఏ పేరు చెబితే ఆ పేరుతో రానిచ్చేద్దామన్నాడు.

“వద్దండీ. ఒకరి పేరుతో ఇంకొకరు దూరి, రాని పడవ వచ్చేసిందని రాస్తే ఇక వెతికేవాళ్లుండరు. మధ్యాహ్నం దాకా నన్ను చూడనివ్వండి,” అంది ఈశ్వరి.

ఆయన కాదనలేదు. అప్పటిదాకా పడవల వివరాలు ఫోన్‌లో రాసుకోడానికి తనే కూర్చున్నాడు.

యాప్ ముందు ప్రాక్సీ కాపలా కాస్తుంది. పాస్‌వర్డ్ సరిచూసి, వచ్చింది ఫలానా మనిషని హెడర్‌లో, అంటే సందేశానికి ముందు తగిలించే చీటీలాంటి దాంట్లో రాసి లోపలికి పంపుతుంది. ఈశ్వరి ముందు ప్రాక్సీనే అనుమానించింది. చూస్తే, హెడర్ అక్కణ్ణుంచి సక్రమంగానే బయల్దేరుతోంది. క్లస్టర్ లోపలినుంచి అదే హెడర్‌ని నేరుగా యాప్‌కి పంపి చూస్తే అది మనిషిని గుర్తుపట్టింది. అయితే తప్పు మధ్యదారిలోనే ఉండాలి. కొత్త క్లస్టర్‌లో ఆ రెంటికీ నడుమ ఇంకో సర్వర్ వచ్చి చేరింది. దాని సెట్టింగులు చదువుతూ ఒకచోట ఆగిపోయింది. పేరులో అండర్‌స్కోర్, అంటే అడుగున గీత ఉన్న హెడర్‌ని ఆ సర్వర్ చప్పుడు చేయకుండా పారేస్తుంది. వీళ్ల హెడర్ పేరులో ఉన్నదీ అండర్‌స్కోరే.

ఆ గీత తీసి హైఫన్, అంటే నడుమ గీత పెట్టింది, ప్రాక్సీలోనూ యాప్‌లోనూ. బయటినుంచి ఎవరైనా అదే హెడర్ని సొంతంగా రాసి పంపితేనో అని మోహనకృష్ణ అడిగాడు. అలాంటిది ప్రాక్సీ దగ్గరే చెరిగిపోయేలా చేసి, ఈశ్వరి అప్పుడు తండ్రిని మళ్లీ చూడమంది.

వరహాలు మళ్లీ పాస్‌వర్డ్ కొట్టాడు.

“నా పేరే సూపిస్తంది,” అన్నాడు. పక్కపడవ వాళ్లని కేకేయడం ఆమెకి వినబడింది.

ఆ వారమే ఇంకో రేవు వాళ్లు కూడా యాప్‌లో చేరతామన్నారు. అది ఎలా వాడాలో వాళ్లకి చూపించడానికి ఈశ్వరే బస్సెక్కింది.