రాజమణి దిగివచ్చిన స్తంభాలు

బహదూర్‌పురా వెనక గల్లీల్లో కరెంటు పోతే ఇంటింటా ఒకే మాట వినిపించేది: "అరే, పోయింది." రాజమణి ఇంట్లో మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఎనిమిదేళ్ల ఆశ్రిత కలుపుకుంటున్న అన్నంలో చెయ్యి అలాగే ఉంచి కూర్చునేది. కరెంటు లేదంటే అమ్మ ఎక్కడో స్తంభం మీద ఉందని ఆ పిల్లకు లెక్క. ఫ్యాను మూలిగి, మెల్లగా తిరగడం మొదలుపెడితే అమ్మ కాలు నేలను తాకిందని. అప్పుడు గానీ ముద్ద నోటి దాకా వెళ్లేది కాదు.

రాజమణి లైన్‌మన్. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ తరగతిలో ఆమె ఒక్కతే ఆడపిల్ల. ఉద్యోగానికి స్తంభం ఎక్కే పరీక్ష పెట్టిన నాటికి ఆశ్రితకు పది నెలలు. కాళ్లతో స్తంభాన్ని కరచుకుని ఆమె పైన ఉండగా, కింద చెట్టు నీడలో అత్త చేతుల్లో పిల్ల ఆకలికి ఏడ్చింది. ఆ ఏడుపుకు పైన తల్లి చొక్కా తడిసింది. పరీక్ష పెట్టిన అధికారి చెమట అనుకున్నాడు. ఆమె దిగి ముందు పిల్లకు పాలిచ్చింది, తర్వాత సంతకం చేసింది.

పైకి ఎక్కడం ఆమెకు ఇష్టం. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. పిల్ల తల్లికి అలాంటి ఇష్టం ఉండొచ్చో లేదో ఆమెకు తెలియదు. పైన గాలికి డీజిల్ వాసన ఉండదు. తీగలకు చిక్కుకున్న పతంగులు వెలిసిపోయి, ఎగరడం మరిచిపోయిన పిట్టల్లా వేలాడుతుంటాయి. పొద్దున్నే జూ వైపు నుంచి సింహం గొంతు వస్తే మేడల మీద ఆరేసిన చీరలన్నీ ఉలిక్కిపడ్డట్టు కదులుతాయి. కింద ఆమె కోడలు, భార్య, తల్లి. పైన రెండు చేతులు, ఒక కటింగ్ ప్లేయర్. అంతే.

స్తంభం ఎక్కేవాళ్ల ఒంటి మీద లోహం ఉండకూడదు. మగవాళ్లు ఉంగరమో కడియమో తీసి జేబులో వేసుకుంటారు. రాజమణి పుస్తెలు, మట్టెలు తీసి ఇంట్లో పెట్టి వెళ్లేది. అత్త కాశమ్మకు అది ఏళ్లు గడిచినా మింగుడుపడలేదు.

"కట్టినోడు నిమ్మలంగ బతికుండంగ పుస్తెలు తీస్తదా ఆడిది? గీ ఇంట్ల గిదేం లొల్లి?"

"తియ్యకుంటెనే నీ కొడుకుకు పెండ్లాం లేకుంట అయితది అత్తమ్మా."

"మాటలకేం తక్కువ లేదు. గవి గూడ కంబమెక్కే నేర్చినవా?"

చార్‌కమాన్ దగ్గర గడియారాలు బాగుచేసే బాలకిషన్, ఆ కట్టినవాడు, నవ్వేవాడు. "నాకు లేని ఫికర్ నీకెందుకే అమ్మా!"

ఆమెకు అప్పగించిన గల్లీల్లో ఒకదాన్ని కార్ఖానా గల్లీ అంటారు. అక్కడ అమరనాథ్ సేఠ్ ప్లాస్టిక్ డబ్బాలు పోయిస్తాడు. కరెంటు పోతే చేత్తో తిప్పి మొదలుపెట్టే పాత జనరేటర్ ఒకటి ఉంది అతనికి. జనరేటర్ వేసేటప్పుడు కార్ఖానాను వీధి లైను నుంచి విడదీసే స్విచ్ ఉండాలి. సేఠ్‌ది కాలిపోయి రెండేళ్లయింది, తీగలు నేరుగా కలిపేసుకున్నాడు. అతని జనరేటర్ మొదలైతే ఆ కరెంటు వెనక్కి వీధిలోకి పారి, చచ్చిందనుకున్న తీగలో మళ్లీ ప్రాణం పోస్తుంది.

అందుకే ఆ గల్లీలో స్తంభం ఎక్కే ముందు రాజమణి కార్ఖానాలోకి వెళ్లి, జనరేటర్ తిప్పే ఇనుప హ్యాండిల్ తీసుకుని తన భుజం సంచిలో వేసుకునేది. ఆ సంచి కింద నిలబడే తోటి పనివాడు మొగులయ్య చేతికిచ్చి ఎక్కేది. దిగాక తిరిగి ఇచ్చేది.

"సేఠ్, స్విచ్ ఎప్పుడు పెట్టిస్తవ్? ఆఫీసుల రాసిస్తే నీ కనెక్షన్ కట్ అయితది, మల్ల నన్ననొద్దు."

"అరే బేటీ, దసరా దాటనీ. పక్కా పెట్టిస్త. చాయ్ తాగు."

"చాయ్ వద్దు, హ్యాండిల్ ఇయ్యి."

"తీస్కపో. నా కార్ఖానా పానం నీ సంచిల."

ఆమె రాసివ్వలేదు. ఆ గల్లీలన్నిటిలో ఆడమనిషి బాత్రూంకు వెళ్లడానికి తలుపు తీసింది అతనొక్కడే. అడక్కుండానే తాళంచెవి చేతిలో పెట్టాడు. లోపల ఆరుగురు ఆడవాళ్లు పని చేస్తారు, కనెక్షన్ పోతే వాళ్ల పనీ పోతుంది. హ్యాండిల్ తన చేతిలో ఉన్నంతసేపూ ఎవరికీ ఏమీ కాదు కదా అనుకుంది.

జూన్ మొదటి వానకు చెట్టు కూలి నాలుగు గంటలు కరెంటు రాలేదు. రాజమణి స్తంభం మీద ఉంది. బడి నుంచి ఇంటికి వెళ్లిన ఆశ్రిత ఇంట్లో ఆగలేకపోయింది. యూనిఫాంతోనే మూడు గల్లీలు వెతుక్కుంటూ వచ్చి స్తంభం కింద నిలబడింది. మొగులయ్య రెక్క పట్టుకుని ఆపాడు. పిల్ల ఏడవలేదు. తల పైకెత్తి, వాన కళ్లల్లో పడుతుంటే అంది:

"అమ్మా, నేను ఇగ ఏం అడగ. సైకిల్ గూడ వద్దు. నువ్వు దిగు."

స్తంభం మీద రాజమణి చేతిలోంచి వస్తువు జారడం అదే మొదలు. ప్లేయర్ జారి బురదలో పడింది. దిగాక మొగులయ్య దాన్ని తుడిచి ఇస్తూ, పిల్లకు వినపడకుండా అన్నాడు:

"మా నాయిన కంబం మీదనే పోయిండు. నౌకరీ నాకిచ్చిన్రు. నౌకరైతే ఇస్తరు బిడ్డా, నాయిననియ్యరు. దిగు, పొల్ల చెప్పినట్టే దిగు."

ఆ నెలాఖరుకే మొగులయ్య రిటైరయ్యాడు. రాజమణి స్తంభం ఎక్కని పని కోసం దరఖాస్తు పెట్టుకుంది. చిన్నపిల్ల ఉన్న తల్లి అని పైఅధికారి ఏఈ సారు కాదనలేదు. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌గా, కూర్చునే పని ఇచ్చాడు.

ఆమె గల్లీలు శ్రవణ్‌కు వచ్చాయి. ఇరవై ఏడేళ్లవాడు, సంతోష్‌నగర్‌లో ఉంటాడు. ఫోన్ తెరిస్తే రెండేళ్ల కూతురు, తల మీద గిన్నె బోర్లించుకుని నవ్వుతూ కనిపిస్తుంది.

"మీరు దిగిన్రు, నేనెక్కిన," అన్నాడు నవ్వుతూనే. "కంబమైతే ఖాళీ ఉండదు గదక్కా."

ఆ పొద్దంతా అతన్ని తిప్పి అప్పగించింది. వానొస్తే షాక్ కొట్టే స్తంభాలు, లోపల తుప్పు పట్టినవి, కందిరీగల గూడున్నది, కుక్కలు కరిచే మలుపు. కార్ఖానా గల్లీకీ వెళ్లారు. సేఠ్ ఊళ్లో లేడు, షట్టర్ మూసి ఉంది. మూసిన షట్టర్ ముందు నుంచి నడిచి వెళ్లిపోయారు. హ్యాండిల్ సంగతి ఆమె నాలుక మీదికి రాలేదు. రెండేళ్లుగా అది మాటల్లో లేదు. గడప దగ్గర చెప్పులు విడిచినట్టు చేతుల్లో ఉంది. చెప్పులు విడవాలని ఎవరైనా ఎవరికి చెబుతారు!

మూడు నెలలు ఆశ్రిత హాయిగా తిన్నది. కరెంటు పోతే చప్పట్లు కొట్టి, గోడ మీద చేతులతో కుందేలు బొమ్మ చేసేది. కాశమ్మ కోడలి మెడను తృప్తిగా చూసుకునేది. రాజమణి డ్యూటీకి వెళ్తూ ఆటోలోంచి స్తంభాల కొసలు చూసేది. అరిచేతుల్లో కాయలు మెత్తబడి, పొరలు పొరలుగా ఊడిపోయాయి. ఒకరోజు కూర తరుగుతూ, ఆ చేతులు ఎవరివో అన్నట్టు కాసేపు చూసింది.

సబ్‌స్టేషన్‌లో ఆమె పని లైన్ క్లియర్ ఇవ్వడం. తీగల్లో కరెంటు ఆపేశాం, ఇక ఎక్కవచ్చు అని ఫోన్లో చెప్పే మాట అది. దానికొక నెంబరు, ఒక సమయం. ఎక్కినవాడు దిగి, ఫోన్ చేసి ఆ మాట తిరిగి అప్పజెప్పేదాకా కరెంటు ఇవ్వకూడదు. ఆపరేటర్ గది వదలకూడదు.

సెప్టెంబరులో, సన్నగా వాన పడుతున్న మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"అక్కా, శ్రవణ్‌ను. కార్ఖానా గల్లీల, ట్రాన్స్‌ఫార్మర్ మీద తీగ తెగింది. లైన్ క్లియర్ ఇయ్యుండ్రి."

ఆ గల్లీ పేరు వినగానే ఆమె కుడిచెయ్యి ఎందుకో భుజం దగ్గరికి వెళ్లింది. అక్కడ సంచి లేదు. చున్నీ సర్దుకుని, స్విచ్ తీసి, నెంబరు చెప్పింది.

"ముప్పై ఏడు. మూడు గంటల పది నిమిషాలు. రాసుకున్నవా?"

"రాసుకున్న."

"బిడ్డకు జరం తగ్గిందా?"

"పొద్దుగాల ఇడ్లీ తిన్నదక్కా. ఇల్లంత ఉరుకుతుంది."

"సరే. ఎక్కు తమ్మీ."

పావుగంట తర్వాత అటెండర్ చాయ్ తెచ్చి పెట్టాడు. గ్లాసు పెదాల దాకా వచ్చింది. ఆవిరిలోంచి సేఠ్ గొంతు వినిపించింది, చాయ్ తాగు బేటీ అని. దాని వెనకే తన గొంతు, చాయ్ వద్దు, హ్యాండిల్ ఇయ్యి అని.

శ్రవణ్‌కు ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది. సేఠ్‌కు చేసింది.

"సేఠ్, జనరేటర్ ఏసినవా?"

"ఇప్పుడే ఏసిన బేటీ. ఎందుకు?"

"బంద్ జెయ్యి! బంద్ జెయ్యి సేఠ్!"

ఫోన్ అవతల మిషన్ల చప్పుడు ఆగింది. అది ఆగాక, చాలా దూరం నుంచి, గల్లీలో జనం అరుపులు వినిపించాయి. ఆమె లేచి తలుపు దాకా వెళ్లి ఆగిపోయింది. గది వదలకూడదు. ముప్పై ఏడో నెంబరు ఇంకా ఎవరూ తిరిగి అప్పజెప్పలేదు. సాయంత్రం వేరేవాళ్లు వచ్చి దాన్ని మూసేదాకా ఆ కుర్చీలోనే కూర్చుంది. ఎదురుగా బోర్డు మీద ముల్లు సున్నా దగ్గర నిలబడి ఉంది.

విచారణలో ఆమె రిజిస్టర్ చూసి బాగుందన్నారు. నెంబరు సరిగ్గా ఉంది, సమయం సరిగ్గా ఉంది. పొరపాటున వచ్చే కరెంటు నేలలోకి పోయేలా, పని మొదలుపెట్టే ముందు తీగలకు తగిలించాల్సిన రాడ్డు బండిలోనే ఉండిపోయింది, కాబట్టి తప్పు చనిపోయినవాడి అజాగ్రత్తదని రాయబోయారు. రాజమణి తన వాంగ్మూలంలో హ్యాండిల్ సంగతి మొత్తం రాసిచ్చింది.

"ఇది తీసుకుంటే నీ మీదికొస్తదమ్మా," అన్నాడు ఏఈ సారు. "సేఠ్ మీద ఎట్లయినా కేసయితుంది. నువ్వెందుకు మధ్యల?"

"నేను మధ్యల్నే ఉన్న సార్," అని ఆ కాగితం బల్ల మీదే ఉంచి వచ్చింది.

పదకొండో రోజు దాటాక సంతోష్‌నగర్ వెళ్లింది. శ్రవణ్ భార్య శ్రీహిత గోడకానుకుని కూర్చుని ఉంది. పాప స్టీలు గిన్నెలో మరమరాలు ఒక్కొక్కటీ ఏరుకుని తింటోంది. రాజమణి చాప మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చెప్పింది.  అంతా అయ్యాక శ్రీహిత అడిగింది:

"మీరు ఆ ఒక్క మాట చెప్పుంటే మా ఆయన ఉంటుండెనా?"

"ఉంటుండె."

"మీ బిడ్డ కోసం దిగిన్రంట గదా."

"ఆఁ. బిడ్డ కోసమే."

శ్రీహిత చాప మీద పడ్డ మరమరాలు ఏరి పాప గిన్నెలో వేసింది. "నేను గూడ చెప్పినక్కా, దిగుమని. మీ పాప చెప్పినట్టే చెప్పిన. మా ఆయనకు సబ్‌స్టేషన్‌ల కుర్చీ ఎవరిస్తరు? పర్మినెంట్ గాదు గదా."

తిట్టి ఉంటే బాగుండేది. రాజమణి తిట్లకే సిద్ధపడి వెళ్లింది. పాప ఒక మరమరం తెచ్చి ఆమె నోటికి అందించబోయింది. తినాలో, వద్దనాలో తెలియక ఆమె నోరు తెరిచింది.

ఇంటికొచ్చేసరికి ఆశ్రితకు సంగతి ఎవరో చెప్పేశారు. తల్లి నడుము చుట్టుకుని, ముఖం కడుపులో దాచుకుని అంది: "మంచిగైందమ్మా, నువ్వు దిగినవ్. లేకుంటె నువ్వే ఉంటుంటివి."

నేనుంటే అలా అయ్యేది కాదు అని ఆ పిల్లకు ఎలా చెప్పాలి? చెబితే, మళ్లీ ఎక్కమని అడిగినట్టు అవుతుంది. రాజమణి పిల్ల తల నిమురుతూ నిలబడింది. కాశమ్మ వంటింట్లోంచి చూసింది. వచ్చి పిల్లకు కంచం పెట్టింది.

నెల తిరక్కుండా ఏఈ సారు పిలిచాడు. వాంగ్మూలానికి మెమో ఒకటి చేతికిచ్చి, తర్వాత మెల్లగా అడిగాడు: "ఆ గల్లీలు నీకు తెలిసినట్టు ఎవరికీ తెల్వదు. మల్ల తీసుకుంటవా? బలవంతమేం లేదు."

రెండు రోజులు గడువడిగింది. రెండు రోజులూ తన చేతులను చూసుకుంది, నిద్రపోతున్న పిల్లను చూసుకుంది. ఎక్కాలనే ఉంది. ఆ కోరిక చావలేదని తెలిసి సిగ్గుపడింది. మూడోరోజు వెళ్లి కాదని చెప్పింది. ఆ సిగ్గు ఇంకోలా ఉంది.

గల్లీలు అనురాగ్ అనే కొత్తతనికి ఇచ్చారు. రాజమణి తన సెలవురోజున, ఎవరూ అడక్కుండానే, పొద్దున ఏడింటికి అతన్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. ప్రతి స్తంభం దగ్గరా ఆగింది. ఏ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఏ మేడ మీద ఎవరు దొంగగా తీగ తగిలిస్తారు, ఎవరితో గట్టిగా మాట్లాడాలి, ఎవరితో మెత్తగా. ఒకటి చెప్పి ముగించక ముందే ఇంకొకటి తోచేది. తన చేతులకు మాత్రమే తెలిసిందేదైనా ఇంకా మిగిలిపోయిందేమోనని, ఒక్కో స్తంభాన్ని తాకి, కళ్లు మూసుకుని, ఎక్కుతున్నట్టు ఊహించుకుని, మళ్లీ చెప్పింది. అతను నోట్‌బుక్కులో రాసుకుంటూ అలసిపోయాడు.

కార్ఖానా గల్లీ దాటాక అనురాగ్ పెన్ను మూసి అడిగాడు: "ఇంత తెలిసినోళ్లు, మీరెందుకు దిగినరక్కా?"

"నా బిడ్డ భయపడుతుంది."

అతను తలూపాడు. నేరం ఒప్పుకున్నట్టు అన్నాడు: "నాకు గూడ బాబున్నడక్కా. పదకొండు నెలలు. ఇంక నడక రాలే."

రాజమణి అతని ముఖంలోకి చూడలేకపోయింది. ఎండ ఎక్కుతోంది. ఇంకా నలభై స్తంభాలున్నాయి.

"పెన్ను తియ్యి," అంది. "ఇది రాసుకో."