బండి లేపి చూశారా?

పొద్దున్నే పెరట్లో బండిని పక్కకి పడుకోబెట్టగానే ట్యాంకు మూతలోంచి నాలుగు చుక్కల పెట్రోలు కారి తడిమట్టిలో కలిసింది. ఒకప్పుడు ఈ బండిని ఒక్క ఊపులో లేపేదాన్ని. ఇప్పుడు మోకాలు, నడుము రెండూ కలిసి నా మీద కక్ష కట్టాయి. ఇవాళ మూడోసారికి గాని లేవలేదు. హ్యాండిల్ పట్టుకుని ఆయాసం తీర్చుకుంటుంటే రత్నం గారు గుర్తొచ్చారు. ఈ బండి ఆయన దగ్గరుండి కట్టించిందే. ఇక నావల్ల కాదని అమ్మేస్తున్నాను. చూసుకోడానికి ఎవరో అమ్మాయి వస్తానంది.

భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ పక్క సందులో ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. వారమంతా రొయ్యల చెరువుల వాళ్ళ మోపెడ్లు బాగుచేసేవారు. ఆదివారం చర్చి అవగానే తెల్లచొక్కా విప్పి, పాత బనీను వేసుకుని, ఊరి బయట ఎండగట్టిన చెరువులోకి వెళ్ళేవారు. అక్కడ విరిగిన సిమెంటు తూములు, రాళ్ళు పేర్చుకుని వాటి మీంచి బండి నడపడం ఆయన సరదా. దాన్ని ట్రయల్స్ అంటారని అప్పటికి నాకు తెలీదు. బండికి సీటుండదు, నిలబడే నడపాలి. నత్తలా వెళ్ళినా ఫరవాలేదు, కాలు మాత్రం నేల మీద పెట్టకూడదు. నేను చెరువుల నీళ్ళు సీసాల్లో పట్టి ల్యాబుకి తీసుకెళ్ళే ఉద్యోగంలో ఉండేదాన్ని. అరవై ఏళ్ళ మనిషి మూరెడు గట్టు మీద బండిని నిలబెట్టి, ఊపిరి బిగబట్టి, మెల్లగా మలుపు తిప్పుతుంటే సీసాలు కింద పెట్టి నోరు తెరుచుకు చూశాను.

"ఏంటండీ అలా చూస్తున్నారు? ఎక్కుతారా?" అన్నారు. ఆడపిల్లని అలా అడిగినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. ఎక్కాను. మూడు నెలలు ఆయన బండి మీదే పడుతూ లేస్తూ నేర్చుకున్నాను.

ఇక సొంత బండి కొనుక్కుంటానంటే ఆయన చెప్పిన సలహా ఒక్కటే. అసలు ట్రయల్స్ బండ్లు మన వైపు దొరకవు, పాత బండ్లు విప్పి మార్చుకున్నవే దిక్కు. "ఎక్కి చూసి కొనకండమ్మా. ఎక్కితే అన్ని బండ్లూ బాగానే ఉంటాయి. ముందు మట్టిలో పడుకోబెట్టండి. ఒక్కరే లేపండి. లేస్తే మీది, లేవకపోతే వాళ్ళది. కొత్తలో నడిపేదానికన్నా పడేదే ఎక్కువ. ఇంకోటి, బండి చూడకముందు వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టకండి."

"ఏం, మందు పెడతారా ఏంటండీ?" అని నవ్వాను.

"అంతకన్నా ఎక్కువేనండి. మర్యాద చేస్తారు."

అలాంటి బండొకటి జంగారెడ్డిగూడెం అవతల ఒక రైతు పామాయిల్ తోటలో ఉందని తెలిసింది. ఆదివారం చర్చి మానరు గనక ఆయన రాలేదు, బస్సెక్కి నేనొక్కదాన్నే వెళ్ళాను. "ఎండన పడొచ్చారు, రండమ్మా" అంటూ ఆ రైతు భార్య మజ్జిగ చేతికిచ్చేసింది. వద్దనే లోపల విస్తరి పడింది. ముద్దపప్పు, కొత్త ఆవకాయ, వాళ్ళ తోటలోని జీడిపప్పుతో కూర, గడ్డపెరుగు. "మొహమాటపడకండి" అంటూనే నన్ను మొహమాటంలో ముంచేశారు. తిన్నాక బండి చూపించారు. నేనొస్తున్నానని కడిగి, తుడిచి పెట్టారు, తళతళలాడుతోంది. ఆవిడ చేతి అన్నం తిన్న చేత్తోనే వాళ్ళ బండిని మట్టిలో ఎలా పడెయ్యను చెప్పండి? పామాయిల్ చెట్ల మధ్య రెండు చుట్లు తిరిగి, ఆ మోతకి మురిసిపోయి, కొనేశాను.

మర్నాడు రత్నం గారు బండి చుట్టూ తిరిగి చూశారు. "బరువుందే. లేపి చూశారా?"

"చూశానండి" అన్నాను. అంత తేలిగ్గా వచ్చేసింది అబద్ధం.

పై ఆదివారం వెళ్ళేసరికి, ముందు రాత్రి పడ్డ వానకి గట్లు నానున్నాయి. "లేపుకోగలరు కదా, ఆ చివరి గట్టు దాకా వెళ్ళి రండి" అని పంపారు. మలుపులో వెనక చక్రం జారి, బండి నా కాలి మీద పడింది. సైలెన్సరు పిక్కకి అంటుకుని చుర్రుమంటోంది. ఎంత నెట్టినా కదిలితేనా! నా అరుపుకి ఆయన చెరువుకి అడ్డంపడి పరుగెత్తుకొచ్చి, ఒక్కరే ఎత్తేశారు. ఎత్తి, అలాగే బురదలో కూలబడ్డారు. నాకు కాలిన మచ్చతో పోయింది. ఆయనకి నడుం పోయింది. ఇక జన్మలో బండెక్కొద్దన్నాడు డాక్టరు. వారానికి ఆ గంట కోసమే బతికే మనిషికి ఆ మాట చెప్పించింది నేను.

బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వెళ్ళాను. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. నడుముకి బెల్టుతో మంచం మీదున్న ఆయన నేను నోరు తెరవకముందే అడిగారు. "ఏం కూర పెట్టారండి ఆ రోజు?"

బత్తాయిలు మంచం పక్కన పెట్టాను. "జీడిపప్పు కూరండి."

"పెరుగు కూడా వేశారా?"

"వేశారండి."

"ఇంకేం లేపుతారు లెండి. నేనైనా లేపను." నేను భోరున ఏడుస్తుంటే, "వాళ్ళకి మర్యాద చేశారు, సరే. నాకెందుకు చేశారమ్మా? లేపలేదని ఒక్క మాట చెబితే ఆ గట్టు మీదికి పంపేవాణ్ణా?" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో, ఉత్త నీరసం. కోప్పడినా బాగుండేది.

ఆ తర్వాత స్టూలు మీద కూర్చుని, ఏ నట్టు ఎంత బిగించాలో చెబుతూ, నా చేతే ఈ తేలికపాటి బండి కట్టించారు. నేను నడుపుతుంటే గట్టున కూర్చుని చూసేవారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

ఇవాళ పదింటికి, బండి చూస్తానన్న ఆ అమ్మాయి వచ్చింది. మా వదిన వెంటనే కాఫీ గ్లాసుతో బయల్దేరింది. "ముందు బండి, తర్వాత కాఫీ" అన్నాను. వదిన నన్ను మర్యాద తెలియనిదాన్ని చూసినట్టు చూసింది. చూస్తే చూసింది. ఆ అమ్మాయేమో సిగ్గుపడుతూ, "పర్లేదండీ, బాగానే ఉందండి బండి" అంటోంది. నేనే బండిని మట్టిలో పడుకోబెట్టాను.

"లేపమ్మా. లేవకపోతే లేవలేదని చెప్పు. నాకు మాత్రం మర్యాద చెయ్యకు."

చున్నీ నడుముకి బిగించి వంగింది. ఒకసారి, రెండుసార్లు. ముఖం ఎర్రబడింది. నా వంక చూసి, వదిన వంక చూసి, "లేవట్లేదండీ" అంది చిన్నగా.

ఎందుకో కళ్ళు చెమర్చాయి. "రా తల్లీ, ఇప్పుడు కాఫీ తాగు" అన్నాను.