మామ ఎదురుచూసిన జవాబు

మా మామ పోయి నేటికి పదహారు రోజులు. చిత్తూరు బెల్లం మండీలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసిన మనిషి. వచ్చినవాళ్లంతా "ఎంత సరదా మనిషమ్మా" అని కళ్లొత్తుకుని వెళ్లారు. వాళ్లకేం, ఆ సరదాను రోజూ భరించింది ఇంటి కోడల్ని, నేను. ఆయనకు సొంత మాటంటూ ఒక్కటీ ఉండేది కాదు.

మా వీధిలో మొదటి టీవీ మాదే. వారానికొకసారి మద్రాసు నుంచి అరవంలో ఒక నవ్వుల నాటకం వచ్చేది. మామ మిద్దెక్కి యాంటెనా తిప్పుతూ "బొమ్మొచ్చిందా?" అని అరిస్తే, "చుక్కలొస్తా ఉండాయి" అని కింద నుంచి అత్త అరిచేది. ఆ నాటకంలో ముసలి మొగుడు గుమ్మంలోకి వస్తూనే "ఇంట్లో ఎవురూ లేరా? అయితే ఇంక నేను మాట్లాడొచ్చు" అంటాడు. వంటింట్లోంచి పెళ్లాం "నేనుండా. నోరు మూసుకో" అంటుంది. అంతే. దానికే వీధంతా మా నట్టింట్లో కూర్చుని పొర్లి పొర్లి నవ్వేది. నాకు ఒక్క వారమూ నవ్వు రాలేదు.

ఏడాదికి నాటకం ఆగిపోయింది. మామ ఆపలేదు. రోజూ మండీ నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ అదే మాట, మన తెలుగులో. అత్త చేతిలో గరిటెతోనే అదే జవాబు. పోస్టుమాను ముందు, పళ్ల డాక్టరు ముందు, చివరికి పరామర్శకు పోయిన ఇంట్లో కూడా ఆ నాటకంలోదే ఏదో ఒకటి వదిలేవాడు. నేను సిగ్గుతో చచ్చేదాన్ని.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. తిరుపతిలో నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు, రోజూ బస్సులో అంత దూరమా అని మా ఆయన మొండికేశాడు. మామ కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఈ ఇంట్లో పెద్ద నేనే, మీరంతా ఒప్పుకుంటే. ఆ పాప పోతాది, పోనీరా" అన్నాడు. మొదటిది నాటకంలోది. రెండోది ఆయనదేనని నాకు ఇప్పుడు తడుతోంది. మా ఆయన నవ్వేశాడు. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ నవ్వు పెట్టిందే.

అత్త పోయాక కూడా మామ మాట మానలేదు. సాయంత్రం నేను వంటింట్లో ఉంటే, బయటినుంచి వస్తూనే "ఇంట్లో ఎవురూ లేరా? అయితే ఇంక నేను మాట్లాడొచ్చు" అనేవాడు. అని, ఒక చెప్పు విడిచి రెండోది విడవకుండా ఆగేవాడు. జవాబు కోసమేనని నాకు తెలుసు. "కాఫీ తాగుతారా మామా?" అనేదాన్ని. కోడలు మామను నోరు మూసుకోమంటే ఊరుకునే ఇళ్లు కావు మావి. అది పైకి చెప్పుకున్న సాకు. నిజానికి అంత చవక మాట నా నోట రావడం నాకు నామోషీ. ఏడేళ్లు ఆయన అడిగాడు, ఏడేళ్లు నేను ఇవ్వలేదు.

చివరికి ఆసుపత్రిలో, మధ్యాహ్నం పూట, నేను ఫ్లాస్కు కడుగుతుంటే మంచం మీంచి సన్నగా వినిపించింది.

"ఇంట్లో ఎవురూ లేరా?"

"మాట్లాడొద్దన్నాడు కదా మామా డాక్టరు" అన్నాను.

సరేనన్నట్టు తలాడించాడు. మర్నాటికి లేడు.

నిన్న సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చాను. తాళం తీశాను. టీవీ మీద ఆయన కప్పిన తువ్వాలు అలాగే ఉంది. తిన్నగా వంటింట్లోకి పోయి, పొయ్యి దగ్గర నిలబడి, వీధి గుమ్మానికి వినబడేటట్టు అన్నాను.

"నేనుండా. నోరు మూసుకో."

బడి సంచి ఇంకా నా భుజానే ఉంది. గుమ్మం దగ్గర ఆయన చెప్పులు రెండూ విడిచే ఉన్నాయి.