కాలనీలో నిలపరాని ట్రక్కు

ఆ రోజుల్లో నాకు రెండే రెండు గట్టి నమ్మకాలుండేవి. సొంత బండి ఉన్నవాడే మగాడని ఒకటి. ఆ బండి ఎంత చప్పుడు చేస్తే వాడు అంత పెద్ద మగాడని రెండోది. (పెళ్లయిన వారానికే రెండూ పోయాయి. అది వేరే సంగతి.) గవర్నమెంటు ఉద్యోగం ఎదురుపడిన ప్రతిసారీ నన్ను ఎరగనట్టు తప్పుకుపోతుండటంతో, మా అక్క మొగుడూ నేనూ కలిసి ఒక పాత డీజిల్ ట్రక్కు కొన్నాం. తుష్నాబాద్ తోటల నుంచి కొబ్బరికాయలు, వక్కలు, అరటిగెలలు పోర్ట్ బ్లెయిర్ బజారుకు చేరవేయడం మా వ్యాపారం. బావ తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి వలలు భుజానేసుకుని ఓడెక్కి వచ్చిన మొనగాడట. మనవడికి మాత్రం జెట్టీ మీద నిలబడి అలల్ని చూసినా కడుపులో తిప్పేస్తుంది. అందుకే నేల మీద తిరిగేదేదైనా పర్వాలేదనుకుని దీన్ని ఎంచుకున్నాడు. దాని అసలు రంగేమిటో ఉప్పుగాలికే తెలియాలి. తలుపు తెరిస్తే తుప్పు రాలేది, వేస్తే ఊడేది. ఇంజను మాత్రం, బావ మాటల్లో చెప్పాలంటే, "గుండె ఉన్న గాడీ రా, బామ్మర్దీ!"

ఆ గుండె కొట్టుకోవడంతోనే మా కష్టాలు మొదలయ్యాయి. అక్కావాళ్లు గరాచర్మలో కొత్తగా వెలిసిన ఒక కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. కొండవాలు మీద ఒకదాని కింద ఒకటిగా ఇళ్లు, అన్నిటికన్నా పైన మాది. నేను వాళ్లింట్లోనే తిని, అక్క చేత తిట్లు కూడా తినేవాణ్ణి. కాలనీకి ఒక అసోసియేషను, దానికి ఒక ప్రెసిడెంటు. ఆయన్ని అందరూ కెప్టెన్ గారనేవారు. నిజానికి ఆయన దీవుల మధ్య తిరిగే షిప్పులో క్యాంటీను చూసుకుని రిటైరైన మనిషి. అయినా ఆ నడకా, ఆ మీసమూ, కళ్లు చిట్లించి దూరాన ఏదో తీరాన్ని వెతుకుతున్నట్టు చూసే ఆ చూపూ చూస్తే, అసలు కెప్టెన్లు కూడా లేచి నిలబడేవారు. ఆయన తెలుగువాడే. నోటీసులు హిందీలో పెట్టేవారు, తిట్లు మాత్రం తెలుగులో తిట్టేవారు.

ట్రక్కు తెచ్చిన మర్నాడు తెల్లవారుతుండగా బావ సెల్ఫు కొట్టాడు. మా దీవుల్లో నేల కదిలినట్టు అనిపిస్తే ఎవరూ ఆలోచించరు. ముందు బయటికి పరుగు, ప్రశ్నలు తర్వాత. కిటికీలు గడగడలాడేసరికి కాలనీకి కాలనీ అంతా రోడ్డు మీదికొచ్చేసింది. ఒకావిడ చేతిలో దోసెల అట్లకాడ, ఒకాయన చంకలో నిద్రపోతున్న మనవడు. కెప్టెన్ గారైతే సగం గెడ్డం నురగతో, నడుముకు తువాలుతో వచ్చి, "అందరూ గోడలకి దూరం! దూరం!" అని చేతులూపుతూ నిలబడ్డారు.

"ఏటీ లేదు కెప్టెన్ గారూ! మా గాడీ స్టార్టయింది!" అని బావ కిటికీలోంచి తల బయటపెట్టి సంతోషంగా చెప్పాడు.

ఆ సంతోషం ఇంకెవరి ముఖంలోనూ కనిపించలేదు. సాయంత్రమే మీటింగు పెట్టారు. కాలనీలో పెద్ద బండ్లు నిలపరాదని రూలుందనీ, అది మాకు ముందే చెప్పి ఉన్నారనీ, మేం తలకూడా ఊపామనీ కెప్టెన్ గారు గుర్తుచేశారు. బావ లేచి, "పెద్దదంటే లోడు మీదున్నప్పుడు కదండీ? ఖాళీగా ఉంటే అదీ తేలికే" అని వాదించాడు. నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. చుట్టూ చూస్తే కొట్టింది నేనొక్కణ్ణే. చివరికి, పిల్లలూ పెద్దలూ లేచే వేళకు ముందు ఇంజను చప్పుడు వినిపించకపోతే వానాకాలం అయ్యేదాకా ఉంచుకోవచ్చని ఒప్పుకున్నారు. తెల్లారకముందే తోటకు చేరకపోతే సరుకు ఇంకొకడి బండెక్కిపోతుంది. మరి ఎలా?

ఉపాయం నాదే. (అప్పట్లో నాకు ఉపాయాలు బాగా వచ్చేవి.) ఇల్లు కొండపైన, రోడ్డు వాలు. బ్రేకు వదిలితే చాలు, ట్రక్కు పిల్లిలా దిగిపోతుంది. కింద పెద్ద రోడ్డెక్కాక గేరేసి క్లచ్చి వదిలితే ఇంజను దానంతటదే అందుకుంటుంది. కొన్నాళ్లు అద్భుతంగా సాగింది. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆ బండికి బ్రేకు సగమే పడుతుందన్న విషయం మాత్రం ఒక రోజు మంచుతెరలాంటి వానలో తెలిసింది. కెప్టెన్ గారింటి మలుపులో బావ రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడ్డాడు. నేను మా కులదేవతని పిలిచాను. ట్రక్కు మలుపు తిరిగింది గాని కాస్త వెడల్పుగా తిరిగింది. వెనకాల ఏదో పటుక్కుమంది. "కొమ్మ అయ్యుంటది" అన్నాడు బావ. సరేననుకున్నాం.

బజార్లో దిగేసరికి మా కొబ్బరికాయల వ్యాపారి నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. "క్యా భయ్యా, కొబ్బరికాయలు మానేసి కపడే కా ధందా పెట్టినావా?" వెనక్కెళ్లి చూస్తే, డాలా తలుపు కొక్కేనికి నైలాన్ తాడు, ఆ తాడుకు వరసగా కెప్టెన్ గారి వరండా మీది బట్టలు. భుజాన పట్టీలున్న తెల్ల యూనిఫాం చొక్కా, దాని పక్కనే పచ్చ చారల నిక్కరు. తుష్నాబాద్ పోయి, చీకట్లో పక్కనుంచి లోడెత్తిన మా కళ్లబడకుండా బజారు దాకా రెపరెపలాడుతూ వచ్చిన ఆ నిక్కరును ఎంతమంది చూశారో!

అక్క అన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, పళ్లెంలో పెట్టి మమ్మల్ని పంపింది. కెప్టెన్ గారు చొక్కా తీసుకున్నారు, నిక్కరు మాదేనన్నట్టు అలాగే వదిలేశారు. "యూనిఫాం ఇజ్జత్ బజార్లో తీసీసినార్రా! ఇంక ఖతం. ఈ ఆదివారం లోపల బండి బయటికెళ్లాల." ఇంటికొస్తే అక్క గుమ్మంలో నిలబడి, "ఇల్లు కావాలో బండి కావాలో ఇద్దరూ తేల్చుకోండి. నాకైతే ఇల్లే కావాల" అంది. బావ ఆ పూట అన్నం తినలేదు. బయట నిలుపుకోవడానికి మాకు జాగా లేదు. బండి అమ్మేస్తే లంబాలైన్ పేటలో మా బాబాయి కిరాణా కొట్టులో నేను పప్పులు తూచాలి. ఆ రోజు మొదటిసారి నాకు నవ్వు రాలేదు.

ఎలాగో బతిమాలి, ఆదివారం మీద ఆదివారం గడువు అడిగి, ఎండాకాలం దాకా లాగాం. ఎండాకాలమంటే మా దగ్గర నీళ్ల కరువు. ఆ ఏడు కొళాయి రెండు మూడు రోజులకోసారి వచ్చేది. తర్వాత అదీ మానేసింది. చుట్టూ కనుచూపు మేర సముద్రమే, స్నానానికి చెంబెడు నీళ్లు లేవు. తుష్నాబాద్‌లో మేం సరుకెత్తే తోటలో ఎండని ఊటబావి ఒకటుంది. బావ ట్రక్కు మీద పెద్ద నల్ల ట్యాంకు కట్టి, మా ఇంటి కోసం నింపుకొచ్చాడు. ట్రక్కు వాలెక్కుతున్న చప్పుడుకు కాలనీ మళ్లీ రోడ్డు మీదికొచ్చింది, ఈసారి బిందెలతో. వరసలో అందరికన్నా ముందు కెప్టెన్ గారు, రెండు బకెట్లతో, ఎటో చూస్తూ.

బావ పైపు పట్టుకుని అడిగాడు. "కెప్టెన్ గారూ, ఆదివారం దగ్గరకొచ్చీసింది. బండి ఎప్పుడు తీసీమంటారు?"

"నీళ్లు పట్టు ముందు" అన్నారాయన. "రూలు మనుషుల కోసం, మనుషులు రూలు కోసం కాదు. సమఝా?"

మేం గెలిచామనుకున్నాం. ఆ గెలుపెంత ఖరీదైందో వారం తిరక్కుండానే తెలిసింది. కెప్టెన్ గారు కొత్త రూలు రాయించారు: ట్రక్కు ప్రతి సాయంత్రం కాలనీలోనే ఉండవలెను. దాని మీద ఒక కమిటీ. నీళ్లతో మొదలై, గృహప్రవేశానికి కుర్చీలు, మేడకు ఇసుక, ఒకాయన అత్తగారిని సామానుతో సహా జెట్టీకి చేర్చడం (ఆయన దారంతా మాతో పాటలు పాడాడు) దాకా వెళ్లింది. మా వక్కలు తోటలోనే ఎండుతున్నాయి. చివరికి నేనే కెప్టెన్ గారి దగ్గరికెళ్లి చేతులు కట్టుకున్నాను.

"పెద్ద బండ్లు నిలపరాదని మీకో మంచి రూలుండేది కదండీ. దాన్ని మళ్లీ పెట్టి మమ్మల్ని వెళ్లగొట్టండి."

"ఎలా బాబూ? కమిటీ ఒప్పుకోదు" అన్నారాయన, దూరాన తీరాన్ని వెతుకుతూ.

మమ్మల్ని చివరికి వానలు విడిపించాయి. కొళాయిలు పారాయి, కాలనీకి మా మీద ప్రేమ తగ్గింది, బజారుకు వెళ్లడం మళ్లీ మొదలైంది. ఇంకో రెండు మూడేళ్లు ఆ గుండె కొట్టుకుంది. తర్వాత, దాని వయసుకు ఇక రోడ్డెక్కే అనుమతి ఇచ్చేది లేదని ఆర్టీవో ఆఫీసువాళ్లు చెప్పేశారు. తుక్కు కింద తీసుకెళ్లేవాళ్లు వచ్చి దాన్ని కట్టి లాక్కెళుతుంటే బావ ఇంట్లోకెళ్లి తలుపేసుకున్నాడు. కాలనీవాళ్లు ఎవరి గేటు దగ్గర వాళ్లు నిలబడి చూశారు.

ఇప్పుడు నాకో చిన్న బ్యాటరీ కారుంది. అదే కాలనీ, అదే వాలు. అది కదులుతోందో లేదో నాకే అనుమానం వస్తుంటుంది, అంత నిశ్శబ్దంగా పోతుంది. మొన్న సాయంత్రం కెప్టెన్ గారు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చూపు మందగించింది, మీసం మాత్రం అలాగే ఉంది. దిగి పలకరించాను.

"ఏమోయ్, కనిపించడం లేదు? ఊళ్లో లేవా?"

"రోజూ మీ ముందునుంచే వెళ్తున్నానండి."

"మరి వెళ్తున్నట్టు తెలియొద్దా?" అని విసుక్కున్నారు. "పొద్దున్నే ఒకసారి హారన్ కొట్టి పోవయ్యా."

మర్నాడు పొద్దున్న ఆయన గేటు ముందు ఆగి కొట్టాను. కోడిపిల్ల అరిచినట్టు కీచుమంది. లోపల్నుంచి కెప్టెన్ గారి గొంతు వినిపించింది, "కౌన్ హై? సైకిలా?" అని. సిగ్గేసింది. నవ్వొచ్చింది. ఇంకోసారి, ఈసారి అరచెయ్యంతా పెట్టి, గట్టిగా కొట్టాను.