సున్నపు చుక్కల నత్తలు

ఆదివారం పొద్దున, చిక్కడపల్లి.

మనవరాలు చింతగింజలకు తెల్లరంగు చుక్కలు పెట్టడం చూసి ఇది రాస్తున్నాను. అడవిలో జంతువులెన్నో అంచనా వేయడం బడిలో అలా నేర్పారట. కొన్నిటికి గుర్తు పెట్టి వదలాలి. మళ్ళీ పట్టినవాటిలో గుర్తున్నవెన్నో చూసి మొత్తం లెక్క కట్టాలి.

మన పెరళ్ళలో వానాకాలం నత్తలు గుర్తున్నాయా? సైన్సు మాస్టారైన మా నాన్న వాటిని లెక్కించమని మాకు పందెం పెట్టారు. నేను ఒక్కొక్కటీ లెక్కపెడుతూ మధ్యలోనే లెక్క తప్పాను. అక్క మాత్రం అమ్మ పాన్‌దాన్‌లోని సున్నంతో ఇరవై నత్తల మీద చుక్కలు పెట్టి వదిలింది.

"సూడు, మీ అక్క దిమాక్ ఎట్ల పనిచేస్తదో!" అన్నారు నాన్న. ఆ మాట భరించలేక పదిహేను చుక్కలు తడిగుడ్డతో తుడిచేశాను. రెండు రోజులకు అక్క పట్టిన ఇరవైలో చుక్కున్నది ఒక్కటే. దాంతో చుక్కలు పెట్టిన ఇరవైకి ఇరవై రెట్లు, మొత్తం నాలుగు వందలని తేలింది.

"నాలుగు వందలా! ఇగ ఇల్లు నత్తలకు కిరాయికిచ్చి మనమే పోవాలె" అని నాన్న నవ్వారు. అక్క ఏడ్చింది. నాన్నతో పాటు నేనూ నవ్వాను.

"అమ్మమ్మా, గుర్తులు చెరిగిపోతే లెక్క ఎక్కువొస్తది" అని ఇవాళ మనవరాలు అంటే ఒళ్ళు మండింది. పుస్తకంలో ఉన్న ఉపాయం అక్కకు పదేళ్ళకే ఎలా తట్టింది? నాకెందుకు తట్టలేదు?

ఇక జరగవలసినవి:

1. మధ్యాహ్నంలోగా హైదర్‌గూడలోని అక్కకు ఫోన్ చేసి, తుడిచింది నేనేనని చెప్పాలి.
2. మనవరాలికి ఆ పద్ధతి అక్క చేతనే చెప్పించాలి.
3. "పెద్దమ్మమ్మకు ఎంత తెలివో!" అని మనవరాలు అన్నప్పుడు నేను నోరు మూసుకుని కూర్చోవాలి.