సున్నం వేయని జాగా

మా చిన్నమ్మ ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే చాలు, చీపురు అందుకుంటుంది. ఆ గుణమే ఒకసారి మా కొంప ముంచబోయింది.

చిన్నమ్మంటే మా అమ్మ చెల్లెలు. నార్కట్‌పల్లి చౌరస్తాలో బత్తాయిలు అమ్ముతుంది. బతుకంతా కిరాయి ఇండ్లలోనే గడిచింది. గోడకు మేకు కొట్టాలన్నా ఇంటామెను అడగాలి, చుట్టాలు ఒక పూట ఎక్కువ ఉంటే నీళ్ల గురించి మాట పడాలి. అలాంటి మనిషికి, తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, లాటరీలో సర్కారు డబుల్ బెడ్రూం ఇల్లు వచ్చింది. పాలు పొంగించిన రోజు గోడకు చెంప ఆనించి చాలాసేపు నిలబడింది. నేను నవ్వాను గానీ నాకూ కళ్లు చెమ్మగిల్లాయి.

మొదటి వానకే స్లాబు ఉరిసి ఇంట్లోకి నీళ్లు కారాయి. ఆ తర్వాతి వానలకు తలుపు మీది నుంచి మూల దాకా వేలు పట్టేంత బీట పడింది. గోరుతో గీరితే ఇసుక రాలేది. ఆ వరుసలో ఇండ్లన్నిటిదీ అదే కథ. సిమెంటు ఏమైపోయిందో అందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పరు. తప్పు పడితే ఇచ్చిన ఇల్లు గుంజుకుంటారని వాళ్ల భయం. చిన్నమ్మ భయం వేరు. ఇంట్లో నిలబడి ఇంటిని అనకూడదట, ఇల్లు వింటుందట. బీట సంగతి చెప్పాలంటే నన్ను గల్లీలోకి తీసుకొచ్చి, అదీ గొంతు తగ్గించి చెప్పేది.

నాకు అంత ఓపిక లేదు. చిట్యాలలో మిషన్ కుట్టుకునేదాన్ని. జాకెట్టు చంకలో కాస్త పట్టేస్తేనే నా మీద యుద్ధానికి వచ్చే ఆడవాళ్లతో రోజూ వేగేదాన్ని, ఇల్లే పగిలితే ఊరుకుంటానా? సోమవారమైతే దుకాణం మూసి కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోయేదాన్ని. అక్కడి సారు నన్ను చూడగానే తల పట్టుకునేవాడు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు, పైన కదలాలి కదా. చివరికి కదిలింది. విజిలెన్సు వాళ్లు వచ్చి చూస్తారని, నాసిరకం పని అని తేలితే బిల్లు ఆపి కాంట్రాక్టరు చేతనే బాగు చేయిస్తారని ఆయనే చెప్పాడు. ఇండ్లు బాగున్నాయని రాసుకుని పోతే మాత్రం మళ్లీ అడిగే దిక్కుండదు, జాగ్రత్త అని కూడా అన్నాడు.

ఇదంతా చిన్నమ్మకు ఫోనులో చెప్పాను. పెద్ద సార్లు ఇంటికి వస్తున్నారన్న ముక్క ఒక్కటే ఆమె చెవికెక్కింది.

ఆ రోజు నేను వెళ్లేసరికి ఇల్లు తళతళలాడుతోంది. బీటలో సిమెంటు మెత్తి, పైన సున్నం వేసింది. గడపకు పసుపు, వాకిట్లో ముగ్గు. ఆమెను చూసి వరుసలో ఆడవాళ్లంతా అదే పని చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. నీ తెలివి తెల్లారినట్టే ఉంది చిన్నమ్మా అన్నాను. పగిలిన గోడ కింద సార్లను కూర్చోబెడితే ఇజ్జత్ పోదా అని ఆమె నా మీదికే వచ్చింది. ఆ పగులు చూడటానికే వాళ్లు వస్తున్నారని విడమరిచి చెప్పాక గాని ఆమె ముఖం పాలిపోలేదు. అప్పటికే జీపు వచ్చి ఆగింది.

వచ్చినావిడ ఇంజనీరు. గోడలన్నీ తిరిగి చూసింది. వెనకాలే కాంట్రాక్టరు మనిషి, జనం ఇండ్లను ఎంత మురిపెంగా పెట్టుకున్నారో చూడమంటూ. వాడి నోట్లో మన్ను పడ! సున్నం కింద బీటలున్నాయని నేను మొత్తుకున్నాను. ఇల్లు మీ పేరు మీద లేదు కదమ్మా, ఇంటామె చెప్పాలి అంది ఆవిడ. తర్వాత చిన్నమ్మ వైపు తిరిగి మెల్లగా అడిగింది. "మీ ఇంట్ల ఏమన్న ఖరాబున్నదా అమ్మా?"

చిన్నమ్మ గోడను చూసింది, నన్ను చూసింది. పెదవి కదిలింది గానీ మాట రాలేదు. నేను తిట్టుకుంటూనే ఉన్నాను, ఇంజనీరమ్మ జీపు దాకా వెళ్లిపోయింది. అప్పుడు చిన్నమ్మ చెప్పులైనా వేసుకోకుండా గల్లీలోకి ఉరికింది.

"మేడం, జర ఆగున్రి. ఇంట్ల నోరు రాలే. నా ఇల్లు పగిలింది."

అందర్నీ వెనక్కి తీసుకొచ్చింది. గోడను తాకి కళ్లకద్దుకుంది. బత్తాయిలు కోసే కత్తి తీసుకుని తలుపు మీద గీరడం మొదలుపెట్టింది. పచ్చి సిమెంటు పెచ్చులుగా ఊడి పసుపు గడప మీద పడింది, వెనకే ఇసుక. ఆమె ఏడుస్తూనే గీరింది. అది చూసి పక్కింటామె అట్లకాడ తెచ్చుకుంది. కాసేపటికి వరుసంతా గరగరమని గోడలు గీరే చప్పుడు. ఇంజనీరమ్మ మళ్లీ మొదటి నుంచి ఒక్కో ఇల్లూ ఓపికగా చూసింది. ఆవిడకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

పని వెంటనే కాలేదు, తిరిగి తిరిగి కాళ్లరిగాయి. కానీ బిల్లు ఆగింది, కాంట్రాక్టరు సణుక్కుంటూనే స్లాబూ గోడలూ మళ్లీ చేయించాడు. ఇంకో మండలంలో ఇంకో పేరుతో పని పట్టాడని విన్నాను. అక్కడ ఏ తల్లి గోడకు సున్నం వేస్తోందో.

మొన్న దసరాకు చిన్నమ్మ ఇంటికి సున్నం వేస్తుంటే సాయానికి వెళ్లాను. తలుపు మీద అరచేయంత జాగా వదిలేసింది. మరిచిపోయిందనుకుని కుంచె ఎత్తాను. ఆమె గబుక్కున నా చెయ్యి పట్టుకుని గల్లీలోకి లాక్కొచ్చింది. ఒకసారి ఇంటివైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"గా జాగ వదిలెయ్యి బిడ్డా. మళ్ల పగిలితే, సార్లకు మొదలు గాడనే కనపడాలె."